‘హోర్’ చలి కాదు, రంగు

సందేహం: ఊటీలో మంచు కురిసిందని తెలుగు పత్రికలో చదివాను. అదే వార్తకు ఇంగ్లిష్ పత్రిక ‘హోర్‌ఫ్రాస్ట్’ అని రాసింది. పురాతనం అనే అర్థంలో వాడే ‘హోరీ’కీ దీనికీ చుట్టరికం ఉందా? తెలుగులో ఏమనాలి?

సమాధానం: రెండింటి మూలం ఒకటే. పాత ఇంగ్లిష్‌లో ‘హార్’ అంటే నెరిసిన, వయసు మళ్లిన అని. జర్మన్లు పేరుకు ముందు మర్యాదగా చేర్చే ‘హెర్’ కూడా ఈ కుదురులోదే. తల నెరిసినవాడు పెద్దవాడు, పెద్దవాడు పూజ్యుడు. మాట అలా ఎదిగింది. తెల్లారేసరికి తెల్లబడ్డ గడ్డికీ అదే మాట వాడారు.

అనుమానముంటే షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ నాలుగో అంకం చూడండి. ఒఫీలియా నీట మునిగిన వైనం రాణి చెబుతుంది. వాగు మీదికి వాలిన విల్లో చెట్టు తన ‘హోర్’ ఆకులను అద్దంలాంటి నీటిలో చూపుతోందట. అక్కడ మంచూ లేదు, చలీ లేదు. ఆ పిల్ల చేతిలో పూలదండలున్నాయి. మరి ఆకులు నెరవడమేమిటి? విల్లో ఆకు పైన పచ్చన, అడుగున తెల్లన. వంగిన కొమ్మ నీడలో కనబడేది ఆ అడుగు భాగమే! ఎంత నిశితమైన చూపు! ఇక్కడ ‘హోర్’ను మంచుగా అనువదిస్తే పద్యం ప్రాణం పోయినట్టే.

బూజు పట్టిన అనే అర్థమూ ఒకప్పుడు ఉండేది. ‘రైమ్’ అనే మంచు వేరు: పొగమంచు బిందువులు గాలికి కొట్టుకొచ్చి, తగిలినచోట గడ్డకడితే వచ్చేది.

ఇక మన పత్రికల సంగతి. ‘హోర్‌ఫ్రాస్ట్’ ఆకాశం నుంచి రాలదు. మబ్బు, గాలి లేని రాత్రి నేల వేడి కోల్పోతే, గాలిలోని ఆవిరి నీరుగా మారకుండానే గడ్డిపోచల మీద మంచుపలుకులై పేరుకుంటుంది. దాన్ని ‘మంచు వర్షం’, ‘స్నోఫాల్’ అని రాయడం అన్యాయం. ఫొటో కిందైనా సరిగా రాయకపోతే ఎలా? ‘మంచు కురిసింది’ అన్న మాటను మాత్రం పూర్తిగా కాదనలేను. తడిమంచుకు మన పల్లెల్లో అలాగే అంటారు. ‘మంచు పేరుకుంది’ అంటే ఇంకా నయం. ‘తుషారం’ నాకు ఇష్టమే గానీ, అమరకోశం దాన్ని నీహారం, తుహినం, హిమాలతో ఒకే వరసలో కూర్చోబెట్టింది. అందుకే దీనికి అదొక్కటే సరైన మాటని గట్టిగా చెప్పను.