మళ్లీ పరుగు మొదలుపెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. టిబియాకు, అంటే మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే పొడవాటి ఎముకకు, పడిన బీట మానిందని డాక్టరు చెప్పారనీ, మెల్లగా పరుగు మొదలుపెట్టవచ్చని ఫిజియోథెరపిస్టు కూడా ఒప్పుకున్నారనీ చదివి మనసు తేలికపడింది. అయితే పదకొండు వారాల్లో జరగబోయే హాఫ్ మారథాన్‌కు పేరు ఇచ్చేశానని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు రాశావు చూడు, నేను ఇంత పొడవు ఉత్తరం రాస్తున్నది ఆ ఒక్క వాక్యం కోసమే. పరుగు మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. పాతికేళ్లుగా పరుగెత్తుతున్నదాన్ని, ఆ మాట నా నోట రాదు. నీకు ఇప్పుడు ప్రమాదం నీరసం వల్ల కాదు, ఓపిక త్వరగా తిరిగి రావడం వల్ల వస్తుందని మాత్రం చెప్పాలి.

ముందు నా తెలివితక్కువతనం సంగతి విను. నలభై మూడో ఏట నాకు మడమ వెనకున్న అకిలిస్ స్నాయువు, అంటే పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే గట్టి తాడులాంటిది, వాచింది. ఆరు వారాలు పరుగు మానేసి కూర్చున్నాను, నొప్పి పూర్తిగా పోయింది, పోయింది కదా అని మరో మూడు వారాలకే 10 కిలోమీటర్ల రేసులో నిలబడ్డాను. ఊపిరి ఎక్కడా ఆడకపోవడం లేదు, పాత వేగమే అలవోకగా వస్తోంది, నాలో నేనే మురిసిపోతున్నాను. ఏడో కిలోమీటరు దగ్గర మడమకు రెండంగుళాల పైన ఎవరో బొటనవేలితో గట్టిగా అదిమినట్టు అనిపించింది. ఇంకా మూడు కిలోమీటర్లే కదా అని ఆగలేదు. మర్నాడు పొద్దున మంచం దిగి పాదం నేలమీద మోపితే మడమ వంగనంటే వంగలేదు. మెట్లు ఒక్కొక్కటీ పక్కకు తిరిగి, రెయిలింగ్ రెండు చేతులతో పట్టుకుని, చంటిపిల్లలా దిగాను. ఆ మూడు కిలోమీటర్ల మొండితనానికి తొమ్మిది నెలలు పరుగుకు దూరమయ్యాను.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే నిన్ను నువ్వు ఆపుకోవడం కొంత సులువవుతుంది. బాగా సాధన ఉన్న క్రీడాకారుల చేత సాధన పూర్తిగా మాన్పించి ఏమవుతుందో ఎడ్వర్డ్ కోయల్, ఆయన సహచరులు చూసి 1984లో ప్రచురించారు. ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మొదటి 3 వారాల్లో సుమారు 7 శాతం తగ్గింది, 8 వారాలకు 16 శాతం దాకా తగ్గి అక్కడ నిలిచింది. పూర్తిగా మానేసినవాళ్ల సంగతే ఇదైతే, ఈ మూడు నెలలూ సైకిలు తొక్కుతూ, లోతు నీళ్లలో పరుగు సాధన చేస్తూ ఉన్న నీ గుండె, ఊపిరితిత్తులు పెద్దగా కోల్పోయింది ఏమీ ఉండదు. రెండు మూడు వారాలు పరుగెత్తేసరికి పాత మనిషినైపోయానని నీకు అనిపించడం ఖాయం. ఎముక లెక్క వేరు. దెబ్బతిన్న భాగాన్ని కొన్ని కణాలు ముందుగా తొలిచి తీసేస్తాయి, ఆ తర్వాతే వేరే కణాలు అక్కడ కొత్త ఎముకను పేరుస్తాయి. తొలిచే పని వారాల్లో ముగుస్తుంది గానీ, ఆ ఖాళీని నింపడానికీ, నింపినది గట్టిపడడానికీ నెలలు పడుతుంది. సైకిలు మీదా నీళ్లలోనూ ఎముకకు తాకిడి ఉండదు కనుక అది ఈ మూడు నెలల్లో దెబ్బలకు అలవాటు కూడా తప్పింది. అరగంట పరుగులో మనం వేసేది సుమారు ఐదు వేల అడుగులు, అందులో సగం ఆ కాలి మీదే పడతాయి, ప్రతి అడుగుకూ శరీరం బరువుకు రెండు మూడు రెట్ల బలం నేల నుంచి ఎదురు తగులుతుంది. నీ ఊపిరి ఒప్పుకుంటున్నది ఆ ఎముక కూడా ఒప్పుకుంటోందని అనుకోవద్దు.

పరుగుకు ముందు కొన్ని సంగతులు నీకు నువ్వే పరీక్షించి చూసుకో. ముప్పై నిమిషాలు వేగంగా నడిచినా ఆ రోజుగానీ మర్నాడుగానీ ఏ సలుపూ ఉండకూడదు. బీట పడిన చోట ఎముక అంచు వెంబడి వేలితో నొక్కుకుంటూ వెళ్లి, రెండో కాలు అదే చోట నొక్కి పోల్చి చూడు, తేడా తెలియకూడదు. గోడకు రెండు వేళ్లు ఆనించి ఒంటికాలి మీద నిలబడి, మడమను పూర్తిగా పైకి లేపి దింపడం ఇరవైసార్లు చేయగలగాలి. నీది కుడికాలు కనుక ఎడమకాలితో ఎన్నిసార్లు చేయగలవో కూడా లెక్కపెట్టు. ఎడమకాలు పాతిక చేసి కుడికాలు పన్నెండు దగ్గరే వణుకుతుంటే, డాక్టరు ఒప్పుకున్నా సరే, నీకు ఇంకా పని మిగిలి ఉన్నట్టే. చివరగా, ఒంటికాలి మీద పదిసార్లు చిన్నగా గెంతి చూసుకోవచ్చు. అక్కడ సూదిమొన అంత నొప్పి తగిలినా పరుగు వాయిదా వేసి ఫిజియోథెరపిస్టుకు చెప్పు.

ఇక పరుగు. మొదటి రోజు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిదిసార్లు చేసి ఇంటికి వచ్చేయి. ఇంత తక్కువా అని నీ ముఖం చిన్నబోవడం ఇక్కడి నుంచే నాకు కనిపిస్తోంది. పరుగు మధ్య నడవడం చేతకానివాళ్ల పని అనుకునేవాళ్లు ఒక్కసారి జెఫ్ గాలొవే పేరు తలుచుకోవాలి. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన ఆ అమెరికన్, ఆ తర్వాత మామూలు రన్నర్లకు నేర్పింది ప్రధానంగా పరుగూ నడకా కలిపి దూరం పూర్తిచేసే పద్ధతినే. రోజు విడిచి రోజు మాత్రమే పరుగెత్తు. ఈ విరామం కేవలం విశ్రాంతి కోసం కాదు. వరసగా తాకిడి తగులుతూ ఉంటే కొంతసేపటికి ఎముక కణాలు దానికి స్పందించడం తగ్గిస్తాయి, కొన్ని గంటలు వదిలేస్తే ఆ స్పందన మళ్లీ వస్తుంది. అందుకే ఎముకను గట్టిపరచడానికి ఒక్కసారే సాగే పొడవాటి పరుగు కంటే, మధ్యలో విరామమిచ్చిన చిన్న చిన్న పరుగులే మేలు. పరుగు భాగాన్ని మెల్లగా పెంచుతూ, నడక భాగాన్ని తగ్గిస్తూ, ఆరో వారానికి ఆగకుండా ముప్పై నిమిషాలు పరుగెత్తగలిగితే చాలా బాగా కోలుకున్నట్టు లెక్క. అది ఎనిమిదో వారానికి వచ్చినా దిగులు పడనక్కర్లేదు.

పరుగును వారానికి 10 శాతానికి మించి పెంచకూడదన్న సూత్రం గురించి అడిగావు. అది అందరి నోటా వినిపించే మాటే గానీ, దాన్ని మంత్రంలా పట్టుకోకు. 532 మంది కొత్త రన్నర్లను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును 10 శాతం లెక్కన, మరో జట్టును అంతకంటే వేగంగా పెంచి చూసిన అధ్యయనం ఒకటి నెదర్లాండ్స్ నుంచి 2008లో వెలువడింది. గాయపడినవాళ్లు రెండు జట్లలోనూ దాదాపు ఐదింట ఒక వంతే. ఎంత పెంచామన్న దాని కంటే ఎన్నింటిని ఒకేసారి పెంచామన్నదే కొంప ముంచుతుందని నా అనుభవం. ముందు నిమిషాలు పెంచు. అవి కుదిరాక వారంలో ఒక రోజు కలుపు. ఆ తర్వాత వేగం, అన్నిటికంటే చివర ఎత్తుపల్లాలు, వాటిలోనూ దిగుడు ఆఖరిది. ఒకే వారంలో దూరమూ వేగమూ రెండూ పెంచిన రోజునే నాకైనా, నాతో పరుగెత్తినవాళ్లకైనా ఏదో ఒకటి పట్టేసింది. అడుగుల విషయంలో ఒక మార్పు మాత్రం మొదటి రోజు నుంచే చేసుకోవచ్చు. అదే వేగంలో నిమిషానికి వేసే అడుగులు 5 నుంచి 10 శాతం పెంచితే, అంటే అడుగు పొడవు కాస్త తగ్గిస్తే, కాలి మీద పడే భారం తగ్గుతుంది. బూట్ల గురించి నేను చెప్పేది ఒక్కటే, అరిగిపోయినవి పారేసి, కాలికి హాయిగా ఉన్నవి వేసుకో, అంతకు మించి వాటిలో మహత్తు వెతకకు.

నొప్పి విషయం జాగ్రత్తగా చదువు, ఎందుకంటే నీ ఉత్తరంలో నాకు భయం వేసింది ఇక్కడే. నొప్పి 10కి 5 లోపల ఉంటే పరుగెత్తవచ్చని ఎక్కడో చదివానని రాశావు. ఆ కొలత నిజమైనదే. స్వీడన్‌లో కారిన్ సిల్బర్నాగెల్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో అకిలిస్ స్నాయువు నొప్పి ఉన్నవాళ్లకు ఆ కొలత ఇచ్చి, మర్నాటి ఉదయానికి నొప్పి తగ్గిపోవాలన్న షరతుతో పరుగు కొనసాగించనిచ్చారు. కానీ అది స్నాయువుకు పెట్టిన కొలత. స్నాయువు కొంత నొప్పి మధ్యనే బలపడుతుంది, అసలు భారం వేయకపోతే బలపడదు. బీట పడిన ఎముకకు ఆ ఐదు మార్కుల వెసులుబాటు లేదు, దాని విషయంలో సున్నాయే కొలత. పిక్క అంతా పరుచుకున్నట్టుండే బరువు, బిగుతు కొత్తగా మొదలుపెట్టిన కండరాలవి, వాటికి భయపడకు. ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోట నొప్పి వచ్చి, పరుగెత్తేకొద్దీ తగ్గకుండా పెరుగుతూ ఉంటే, లేదా రాత్రి పడుకున్నాక సలుపుతూ ఉంటే, ఆ నిమిషమే ఆగి నడిచి ఇంటికి రా. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తే ఆలోచన అసలు చేయకు. అది నీకు అందవలసిన కబురు అందకుండా చేస్తుంది, చెమటలో నీరు పోతున్నప్పుడు మూత్రపిండాలకు కూడా మంచిది కాదు.

బలం పెంచే కసరత్తులు రోగం తగ్గగానే మందు మానేసినట్టు మానేయకు. స్వీడన్‌కే చెందిన హోకాన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన పద్ధతితో నా మడమ బాగుపడింది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమను మెల్లగా కిందికి దించడం, మోకాలు చాచి 15 చొప్పున మూడుసార్లు, మోకాలు వంచి 15 చొప్పున మూడుసార్లు, రోజుకు రెండు పూటలా, 12 వారాల పాటు. అంటే రోజుకు నూట ఎనభై. విసుగుతో ఏడుపొచ్చేది. నీకు అంత అవసరం లేదు, వారానికి మూడు రోజులు చాలు. మోకాలు వంచి చేసేది మాత్రం వదలకు. పిక్కలో లోపలి కండరం సోలియస్ దానితోనే ఎక్కువగా పనిచేస్తుంది, పరుగులో పిక్క మోసే భారంలో పెద్ద వాటా దానిదే.

ఇంకొకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు, ఆడదాన్ని కనుక అడుగుతున్నాను. గాయానికి ముందు నెలల్లో నెలసరి సరిగా వచ్చిందా? బరువు తగ్గితే వేగం పెరుగుతుందని తిండి తగ్గించావా? పరుగుకు ఖర్చయ్యేంత ఆహారం అందకపోతే శరీరం ముందుగా పొదుపు చేసేది నెలసరి మీదా, ఎముక మీదా. దీనికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ప్రత్యేకంగా ఒక పేరే పెట్టి, ఆడవాళ్లతో పాటు మగవాళ్లకూ వస్తుందని చెప్పారు. మూడు నెలలు నెలసరి ఆగిపోయిన సంగతి ఉంటే, కసరత్తులు, బూట్లు, అడుగుల లెక్కలు అన్నీ పక్కనపెట్టి ముందు డాక్టరుకు ఆ మాట చెప్పు. చెప్పకుండా దాచినంతకాలం ఎముక మళ్లీ బీటలు వారుతూనే ఉంటుంది.

జోన్ బెనాయిట్ ఉదాహరణ రాశావు. 1984 ఏప్రిల్ 25న మోకాలికి ఆపరేషన్ జరిగి, 17 రోజులకే, మే 12న, అమెరికా ఒలింపిక్ ఎంపిక మారథాన్ గెలిచి, ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో మహిళలకు తొలిసారి పెట్టిన ఒలింపిక్ మారథాన్‌ను 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచిన మనిషి ఆవిడ. నేనూ ఆవిడ పేరు చెప్పుకునే పరుగు మొదలుపెట్టాను. అయితే ఆవిడకు ఎముక బీట పడలేదు, మోకాలిలో అడ్డుపడుతున్నదాన్ని తీసేశారు, అంతే. నీ గాయానికి దగ్గరగా ఉండే కథ బ్రిటన్ మారథాన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌ది. 2008లో తొడ ఎముకకు స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడే తాకిడి వల్ల వచ్చే బీట, అయి, తగినంత సాధన లేకుండానే ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్ మారథాన్‌లో దిగి 23వ స్థానంలో వచ్చింది. అదే మనిషి నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచింది. ఆగస్టుకూ నవంబరుకూ మధ్య ఆమె ప్రతిభలో తేడా రాలేదు, సాధనకు మరికొన్ని వారాలు దొరికాయి.

కాబట్టి హాఫ్ మారథాన్ ఈసారికి వదులుకో. నిర్వాహకులు వచ్చే ఏడాదికి మార్చుకోనిస్తే మార్చుకో, లేకపోతే కట్టిన డబ్బు పోయిందనుకో. మొదటి రేసుగా 5 కిలోమీటర్లది ఒకటి చూసుకో, అదీ ఆగకుండా ముప్పై నిమిషాల పరుగు మూడు వారాలపాటు ఏ నొప్పీ లేకుండా సాగాకనే. నువ్వు ఎన్నడూ పరుగెత్తని దారి అయితే మరీ మంచిది, పాత సమయంతో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. వరసలో వెనక నిలబడు. గడియారం ఇంట్లో వదిలేయి, లేదా కనీసం తెర కనబడకుండా మణికట్టు లోపలివైపు తిప్పుకో. ఏ పరిస్థితిలో రేసు మధ్యలో ఆపేస్తావో ముందురోజు రాత్రే కాగితం మీద రాసుకో. చుట్టూ జనం పరుగెత్తుతుంటే, చప్పట్లు కొడుతుంటే, అలాంటి నిర్ణయం అక్కడికక్కడ తీసుకునే బుద్ధి ఎవరికీ ఉండదు. నా ఏడో కిలోమీటరు సంగతి ఇందాకే చెప్పాను.

అందాకా ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని మంచం పక్కనే ఉంచు. పొద్దున లేచి మొదటి పది అడుగులు వేశాక కాలు ఎలా ఉందో ఒక్క వాక్యం రాయి, ముందురోజు ఎన్ని నిమిషాలు పరుగెత్తావో దాని పక్కన వేయి. ఆరు వారాల పేజీలు నిండాక నాకు పంపు. వాటిని చూసుకుంటూ ఏ రేసుకు పేరు ఇవ్వాలో ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం.

నీ
అత్తయ్య