పాత తరహా గేమ్ కన్సోల్‌కి క్రౌడ్‌ఫండింగ్‌లో డబ్బు పెట్టొచ్చా?

పనిచేసే నమూనాను విప్పి, లోపలి బోర్డు చూపించేదాకా వద్దనే అంటాను. కొలెకో కమీలియన్ అనే కన్సోల్ సంగతి చూడండి. 2015లో రెట్రో వీజీఎస్ పేరుతో జనం దగ్గర సొమ్ము పోగేసే ఇండీగోగో సైట్లో నిధులడిగి, లక్ష్యం చేరక, పేరు మార్చుకుని వచ్చిందది. 2016 టాయ్ ఫెయిర్‌లో చూపించిన దాంట్లో ఉన్నది పాత సూపర్ నింటెండో కన్సోల్ బోర్డేనని అనుమానాలొచ్చాయి. తర్వాత పెట్టిన ఫొటోలోనిదేమో కంప్యూటర్‌లో వీడియో రికార్డు చేసుకునే క్యాప్చర్ కార్డు! పట్టేసింది అభిమానులే. మార్చిలో, ఆ పేరు వాడుకోనిచ్చిన కొలెకో సంస్థ తన పేరు వెనక్కి తీసుకుంది.

అందరూ మోసగాళ్లేమీ కాదు. 2012లో ఊయా అనే సంస్థ అలాంటిదే అయిన కిక్‌స్టార్టర్ సైట్లో 85 లక్షల డాలర్లు రాబట్టి, కన్సోల్ అమ్మింది కూడా. ఆదరణ దక్కక, 2015లో గేమింగ్ పరికరాల సంస్థ రేజర్ చేతికి వెళ్లింది. పైగా మీరిచ్చేది అడ్వాన్స్ బుకింగ్ కాదు; వస్తువు రాకపోతే డబ్బు తిరిగొస్తుందన్న భరోసా ఉండదు.