నాన్న జబ్బు, నా డిగ్రీ: తణుకు అమ్మాయికి జవాబు

ప్రశ్న: మాది తణుకు. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నాను. ఏడాదిన్నర కిందట నాన్నకు వాల్డెన్‌స్ట్రామ్ మాక్రోగ్లోబ్యులినీమియా అనే అరుదైన బ్లడ్ కేన్సర్ ఉందని తేలింది. మా ఊరి డాక్టరుగారు రిపోర్టు చూసి ‘ఇది నేనూ పుస్తకంలో చదివిందేనమ్మా’ అన్నారు. అప్పట్నుంచి ఇంగ్లిష్‌లో దొరికినవన్నీ చదివి ఇంట్లో తెలుగులో చెప్పేది నేనే. మొదటి రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ తర్వాత ఐజీఎం (ఈ జబ్బులో రక్తంలో పెరిగిపోయే ప్రోటీన్) తగ్గాల్సింది పోయి పెరిగితే అమ్మ ఏడుపు ఆపలేదు. కొందరిలో మొదట్లో అలా పెరుగుతుందని, దాన్ని ఫ్లేర్ అంటారని నేను ముందే చదివి ఉన్నాను. పెద్ద డాక్టరుగారు కూడా అదే మాట చెప్పాక అందరం అన్నం తిన్నాం. ఇలాంటి రోగులకు తోడుగా ఉండే పని, జబ్బును అర్థమయ్యేలా చెప్పే పని, పరిశోధనకు సాయపడే పని చెయ్యాలని ఉంది. నాది ఎంపీసీ. బాబాయి ‘సెంటిమెంటు కూడు పెట్టదు, బ్యాంకు కోచింగ్‌లో చేరు’ అంటున్నాడు. ఇందులో ఉద్యోగాలున్నాయా? లేకపోతే ఇప్పుడు నీట్ రాయాలా?

జవాబు: మా అమ్మాయికన్నా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తానమ్మా.

ముందు నీట్ సంగతి తేల్చేద్దాం. ఇంటర్ తర్వాత బయాలజీ అదనంగా పాసైనవాళ్లు కూడా నీట్ రాయొచ్చని 2023లో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) దారి తెరిచిన మాట నిజమే. అయినా ఆ దారి పట్టమని నీకు చెప్పను. లాంగ్ టర్మ్ కోచింగ్, ఎంబీబీఎస్, ఎండీ, ఆ పైన హెమటాలజీలో (రక్తవ్యాధుల వైద్యంలో) డీఎం... లెక్కేసుకుంటే పన్నెండేళ్లు దాటుతుంది. అంతకన్నా ముఖ్యం, రోగి నాడి పట్టుకోవాలని, మందు రాయాలని నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నువ్వడిగిన పనులు మూడూ డాక్టరు పక్కన ఉండేవాళ్లవి. ఆ మనుషులకే మన దగ్గర కొరత.

నీ డిగ్రీకీ నాన్నగారి జబ్బుకీ సంబంధం లేదనుకుంటున్నావు. నాలుగు అంకెలు చెబుతాను చూడు. 1944లో స్వీడన్ డాక్టరు యాన్ వాల్డెన్‌స్ట్రామ్ ఈ జబ్బును మొదటిసారి వర్ణించింది ఇద్దరు రోగులను చూసి. ముక్కులోంచి, నోట్లోంచి రక్తం కారడం, రక్తహీనత, రక్తం చిక్కబడటం. 2012లో అమెరికాలోని బోస్టన్‌లో ఈ జబ్బున్న 30 మంది జన్యుక్రమం మొత్తం చదివితే, పదింట తొమ్మిది మందిలో ఎంవైడీ88 అనే జన్యువులో ఒకే చోట ఒకే మార్పు కనిపించింది. దాంతో రోగనిర్ధారణ పద్ధతే మారిపోయింది. 2015 జనవరిలో ఇబ్రుటినిబ్ అనే మందుకు ఈ జబ్బు కోసం అమెరికా అనుమతి వచ్చింది 63 మందిపై చేసిన ట్రయల్ (మందు పనిచేస్తుందో లేదో రోగులపై చూసే పరీక్ష) ఆధారంగా. పోల్చి చూడటానికి రెండో గుంపు కూడా లేదు. ఆ తర్వాత 2018లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, అంటే ఈ జబ్బు లెక్కన పెద్దది, 150 మంది.

ఇద్దరు, ముప్ఫై, అరవై మూడు, నూట యాభై. షుగరు మందుకో బీపీ మందుకో వేలల్లో మనుషులు దొరుకుతారు. పది లక్షల మందిలో ఏటా ముగ్గురికి వచ్చే జబ్బుకు ఎక్కణ్నుంచి తెస్తారు? ఒక్క మనిషి మధ్యలో మానేసినా, ఒక్క ఫారంలో తేదీ తప్పు పడినా ఫలితం ఊగుతుంది. శాంపిల్ చిన్నదైతే ఏమవుతుందో రెండో ఏడాదిలోనే చదువుకున్నావుగా. ఆ చాప్టర్ మీదే బతికే రంగం ఇది.

కాబట్టి నా మొదటి సలహా: ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ గానీ బయోస్టాటిస్టిక్స్ (వైద్య డేటాకు వాడే స్టాటిస్టిక్స్) గానీ చెయ్యి. బయోస్టాటిస్టిక్స్ అయితే వేలూరు సీఎంసీలో, ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌లో ఉంది. మామూలు స్టాటిస్టిక్స్ అయినా ఏం ఫర్వాలేదు. ఆంధ్ర యూనివర్సిటీకి ఏపీ పీజీసెట్, ఉస్మానియాకు సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. లెక్కల్లో బాగా గట్టిదానివైతే ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఎం.స్టాట్ పరీక్ష కూడా రాయి. సీటొస్తే స్టైపెండ్ ఇచ్చి చదివిస్తారు. ఈలోపు ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో, అది ఉచితం. మందుల కంపెనీల్లో శాస్ (SAS) అనే సాఫ్ట్‌వేర్ వాడకం ఇంకా గట్టిగానే ఉంది. దాని విద్యార్థుల వెర్షన్ కూడా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టకుండానే దొరుకుతుంది.

ఉద్యోగాలు ఎక్కడంటావా, హైదరాబాద్‌లోనే. నోవార్టిస్, పరెక్సెల్ లాంటి సంస్థల ఆఫీసుల్లో ప్రపంచమంతా జరిగే ట్రయల్స్ డేటా శుభ్రం చేసేవాళ్లు, పట్టికలు తీసేవాళ్లు, విశ్లేషించేవాళ్లు కూర్చుంటారు. స్టాటిస్టికల్ ప్రోగ్రామర్, బయోస్టాటిస్టీషియన్, క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్ అనే పేర్లతో వెతుకు. బాబాయి ముందు పెట్టాల్సింది ఈ పేరానే. ఆయన మాట తీసెయ్యకు. ఇంట్లో ఒకరికి వైద్యం నడుస్తున్నప్పుడు ఇంకొకరి జీతం రావడం సెంటిమెంటుకన్నా పెద్ద సాయం. ఆయన భయం న్యాయమైనదే, చూపించిన దారి ఒక్కటే నీకు సరిపడదు.

అయితే ఈ ఉద్యోగంలో రోగి మొహం కనబడదు. స్క్రీన్ మీద ‘సబ్జెక్ట్ 0047’ అని కనబడతాడు, అంతే. నీకు మనిషి ఎదురుగా కూర్చుంటేనే తృప్తి అనిపిస్తే రెండో దారి ఉంది: పేషెంట్ నావిగేషన్. ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల్లో కౌంటర్ దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్రను చూసే ఉంటావు. ఆ పనికి కేన్సర్ పరిజ్ఞానం, నాలుగు రెట్లు ఓపిక కలిపితే నావిగేటర్. ఏ పరీక్ష ఏ అంతస్తులో, రిపోర్టు ఎప్పుడొస్తుంది, డబ్బు ఏ పథకంలో దొరుకుతుంది, కీమో మధ్యలో జ్వరమొస్తే రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవన్నీ చూసే మనిషి. ముంబయిలోని టాటా మెమోరియల్ కేన్సర్ ఆసుపత్రి, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) కలిసి దీనికోసమే ఏడాది కోర్సు నడుపుతున్నాయి, పేరు కేవట్. రాముణ్ని గంగ దాటించిన పడవవాడి పేరది. మన వైపు ఆ కథ గుహుడి పేరు మీద నడుస్తుంది. ఏ డిగ్రీ చేసినవాళ్లయినా అప్లై చేసుకోవచ్చు. దీనికన్నా లోతుగా వెళ్లాలంటే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి మెడికల్ సోషల్ వర్కర్ కావచ్చు. జీతం మాత్రం ఐటీ స్నేహితుల జీతంతో పోల్చుకోకు, పోల్చుకుంటే రెండేళ్లకే విసుగొస్తుంది.

మూడో దారి మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, కారణం చెబుతాను.

క్లినికల్ ట్రయల్స్‌కు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలో డాక్టర్లు మాత్రమే ఉంటే సరిపోదు. కనీసం ఏడుగురు ఉండాలి, అందులో న్యాయం తెలిసినవాళ్లు, ఒక మామూలు మనిషి తప్పనిసరి, సగం మందైనా బయటివాళ్లయి ఉండాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. అలా ఒక ఆసుపత్రి కమిటీలో నాలుగేళ్లు ఆ మామూలు మనిషిని నేనే. మొదటి మీటింగులో నా ముందు పద్దెనిమిది పేజీల తెలుగు అంగీకార పత్రం పెట్టారు. మూడో పేజీలో ఇలా ఉంది: ‘మీరు ఏ చేతిలో ఉంటారో కంప్యూటర్ యాదృచ్ఛికంగా నిర్ణయించును.’ రెండుసార్లు చదివాను. ట్రయల్‌లో ఒక్కో గుంపును ఇంగ్లిష్‌లో ఆర్మ్ అంటారు. అనువదించినవారు నిఘంటువు తీసి చేయి అని రాసేశారు. కింద రోగి సంతకం చెయ్యాల్సిన గీత, పక్కన వేలిముద్రకు చిన్న గడి. తన జబ్బు కంప్యూటర్ చేతిలో ఉందనుకుని సంతకం పెట్టే పెద్దాయన్ని ఊహించుకో. నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు పోయింది.

దాన్ని ఇలా మార్పించాను: ‘ఇందులో రెండు గుంపులు ఉంటాయి. ఒక గుంపుకు కొత్త మందు, ఇంకో గుంపుకు ఇప్పుడు అందరికీ ఇస్తున్న మందు. మీకు ఏ గుంపు వస్తుందో చీటీలు తీసినట్టు కంప్యూటర్ తీస్తుంది. మీరు గానీ డాక్టరు గానీ ఎంచుకోలేరు.’ నాలుగు వాక్యాలు. ఆ నాలుగు రాయడానికి రాండమైజేషన్ అంటే ఏంటో తెలిసుండాలి, తణుకు బస్టాండులో మనుషులు ఎలా మాట్లాడతారో కూడా తెలిసుండాలి. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు దేశంలో బోలెడు, చక్కని తెలుగు రాసేవాళ్లూ ఉన్నారు. రెండూ ఉన్నవాళ్లు నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది తగిలారు. ఫ్లేర్ గురించి మీ అమ్మకు చెప్పిన రోజున నువ్వు చేసింది అచ్చంగా ఈ పనే. దీన్ని వృత్తిగా చెయ్యాలంటే మెడికల్ రైటింగ్, రోగుల సమాచార పత్రాల అనువాదం అనే పేర్లతో వెతుకు. మొదట్లో ఫ్రీలాన్స్‌గానే దొరుకుతుంది కాబట్టి అసలు ఉద్యోగానికి పక్కన పెట్టుకో.

ఒక హెచ్చరిక. ‘ఆరు నెలల్లో క్లినికల్ రీసెర్చ్, నూరు శాతం ప్లేస్‌మెంట్’ అనే బోర్డు చూసి డబ్బు కట్టకు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు అలాంటి చోట ఫీజు కట్టి, సర్టిఫికెట్ పట్టుకుని ఏడాది తిరిగాడు. అందులో నేర్పింది సగం గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (ట్రయల్స్ నడిపే నియమాలు), ఆ కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉంది. ట్రయల్ జరిగే ఆసుపత్రుల్లో కోఆర్డినేటర్ ఉద్యోగాలకు ఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ వాళ్లనే ముందు తీసుకుంటారు. నీ డిగ్రీతో ఆ గుమ్మం దగ్గర నిలబడటం టైము వృథా.

ఇక పరిశోధనలో పాలుపంచుకోవడం. ఇక్కడ నువ్వు రెండు పాత్రల్లో ఉన్నావు, వాటిని కలపకు. కూతురిగా చెయ్యగలిగినవి ఇవి. ఇండియాలో జరిగే ట్రయల్స్ అన్నీ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి, 2009 నుంచి అది తప్పనిసరి. జబ్బు పేరు కొట్టి నువ్వే వెతకొచ్చు, ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. ఏదైనా కనిపిస్తే నాన్నగారి డాక్టరుకు చూపించు, సరిపడుతుందో లేదో ఆయనే చెప్పాలి. చేరినా ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకుంటే మామూలు వైద్యం ఆగదు. ట్రయల్ అంటే మెరుగైన వైద్యమని మాత్రం అనుకోవద్దు, అది జవాబు తెలియని ప్రశ్న. ఈ జబ్బువాళ్ల కోసం అమెరికాలో 1994లో ఒక రోగే మొదలుపెట్టిన సంస్థ ఉంది, ఇంటర్నేషనల్ వాల్డెన్‌స్ట్రామ్స్ మాక్రోగ్లోబ్యులినీమియా ఫౌండేషన్. నువ్వు చదివినవాటిలో సగం వాళ్లవే అయ్యుంటాయి. విమ్‌సికల్ పేరుతో రోగులే స్వయంగా తమ వివరాలు, తీసుకున్న మందులు, నీరసం ఎలా ఉందో రాసుకునే రిజిస్ట్రీ కూడా నడిచింది. ఆ డేటాతో పేపర్లు వచ్చాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అలాంటి పేపర్ ఒకటి తీసుకుని, రోగులు తామే రాసిన డేటాలో పొరపాట్లు ఏ వైపు మొగ్గుతాయో చూడు. ఇంటర్వ్యూలో అది పనికొస్తుంది.

ఉద్యోగిగా మాత్రం నాన్నగారి ఫైలు నీ టేబుల్ మీదికి రానివ్వకు. సొంతవాళ్ల డేటాను చల్లగా చూడటం ఎవరి వల్లా కాదు. ఇంటర్వ్యూలో ‘ఈ రంగమే ఎందుకు’ అని అడిగితే నాన్నగారి సంగతి రెండు వాక్యాల్లో చెప్పి, వెంటనే ఆ 63 మంది ట్రయల్ దగ్గరికి వెళ్లిపో. పోల్చే గుంపు లేకుండా అనుమతి ఎలా ఇచ్చారో, అందులో లోపం ఏంటో మాట్లాడు. జాలి చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్ల దగ్గర నువ్వు ఎక్కువ రోజులు ఉండలేవు.

బాబాయి సెంటిమెంటు మాటకు నా దగ్గర ఒక జవాబుంది, అదీ మీ పక్క ఊరిదే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నయ్య స్ప్రూ అనే, తిన్నది ఒంటబట్టని పేగుల జబ్బుతో పోయారు. ఆ బాధతోనే సుబ్బారావు మందుల పరిశోధనలో పడ్డారు. అమెరికాలో లెడర్లీ లేబరేటరీస్‌లో స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం తయారుచేశారు. దాన్ని అడ్డుకునే పదార్థాలు కూడా ఆయన బృందం చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో రాశారు. అన్న జబ్బు కోసం బయల్దేరిన మనిషి పని బ్లడ్ కేన్సర్ పిల్లల దగ్గర తేలింది. నువ్వూ పదేళ్లకు వాల్డెన్‌స్ట్రామ్ కాక ఇంకే జబ్బు లెక్కలో చూస్తూ ఉండొచ్చు. అప్పుడు నాన్నకు అన్యాయం చేశానని అనుకోకు.

పరీక్షలయ్యాక ఒక పని చెయ్యి. ఇంగ్లిష్‌లో దొరికే ఏదైనా ట్రయల్ అంగీకార పత్రం నుంచి ఒక్క పేజీ తీసుకుని తెలుగులో రాయి. నాన్నగారు హుషారుగా ఉన్న పూట ఆయనకు చదివి వినిపించు. ‘అంటే ఏంటమ్మా’ అని ఆయన ఆపిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టు. ఎమ్మెస్సీ అప్లికేషన్ల గురించి మళ్లీ రాసేటప్పుడు ఆ కాగితం కూడా నాకు పంపు, గీతలు చెరిపెయ్యకుండా.