కనెక్షన్‌కింత సరే, గంటకెంత?

ప్రశ్న: ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే పని చేస్తున్నాను. కంపెనీ పెద్దదే గానీ నాకు డబ్బిచ్చేది సబ్ కాంట్రాక్టర్. కనెక్షన్‌కి ఇంత అని రేటు. నెల తిరక్కుండా ఆ ఇంటి నుంచి కంప్లైంట్ వస్తే, తప్పెవరిదైనా సరే, ఆ డబ్బంతా కోసేస్తారు. మళ్లీ వెళ్లి బాగుచేసినందుకు ఏమీ ఇవ్వరు. అదేమంటే ‘నువ్వు ఉద్యోగివి కాదు, సొంతంగా పని చేసుకునేవాడివని సంతకం పెట్టావుగా’ అంటారు. పైనుంచి బిల్లు రాలేదంటూ రెండు నెలల బాకీ ఆపారు. రేటు పెంచమని అడగనా, మానేయనా? (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: నేనూ ఏళ్ల తరబడి నిచ్చెన మోసినవాణ్నే. రేటు మాట ఇప్పుడే ఎత్తకండి. రేటు కాస్త పెంచి, ఆ చేత్తోనే కోతలూ పెంచడం కాంట్రాక్టర్లకు వెన్నతో పెట్టిన విద్య.

ముందు ఒక రోజు లెక్క వేయండి. కనెక్షన్‌కి 100 చొప్పున ఆరు ఇళ్లు చేస్తే 600. అందులో పెట్రోలు 90, మీరు కొనుక్కున్న కనెక్టర్లు, క్లిప్పులు 30 పోతే మిగిలింది 480. ఇక గంటలు. స్టోర్‌లో మోడెమ్ కోసం నిలబడ్డదీ, ఇంటికీ ఇంటికీ మధ్య తిరిగిందీ, కస్టమర్ తలుపు తీసేదాకా ఎదురుచూసిందీ కలిపితే పది. అంటే గంటకు 48. ఒక పాత కంప్లైంట్ కింద 100 కోసి, దానికోసం ఇంకో గంట తిప్పితే 380ని పదకొండుతో భాగించాలి. 35 కూడా రాదు. మీ సొంత అంకెలతో ఇదే లెక్క కట్టి, మీ దగ్గర చట్టప్రకారం ఇవ్వాల్సిన కనీస వేతనం పక్కన పెట్టి చూడండి.

కోత సంగతికి, తీగలో వచ్చే వెలుగును కొలిచే పవర్ మీటరే సాక్షి. కనెక్షన్ ఇచ్చిన రోజే రెండు రీడింగులు ఫొటో తీయండి: బయటి బాక్సు పోర్టు దగ్గర ఒకటి, ఇంట్లో మోడెమ్‌కి తగిలించే కొన దగ్గర ఒకటి. బాక్సు నంబరు ఫొటోలో పడాలి. ఆ రోజు పోర్టు దగ్గర -18 డీబీఎం (వెలుగు బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు), ఇంట్లో -19 ఉందనుకోండి. కంప్లైంట్ వచ్చాక పోర్టు దగ్గరే -27 చూపిస్తే, గొడవ మీరు లాగిన తీగలో లేదు, వెనక లైన్లో ఉంది. సాధారణంగా వాడే బీ ప్లస్ తరగతి పరికరాలకు -27 డీబీఎం అంటే అంచు, అంతకన్నా తగ్గితే సిగ్నల్ సరిగా అందదు. 3 డీబీ తగ్గితేనే వెలుగు సగమైపోతుంది మరి. అలా కాక పోర్టు బాగుండి, ఇంట్లోనే పడిపోతే, తప్పు మీ కనెక్టర్‌ది కావచ్చు, బీరువా జరిపి తీగను మడతపెట్టిన ఇంటివాళ్లది కావచ్చు. అది విప్పి చూస్తేనే తేలుతుంది. కనెక్టర్ మీరే సరిగా కట్టలేదా, ఊరికే వెళ్లి సరిచేసి రండి. న్యాయం అటూ ఉంది. మిగతావాటికి కోత ఒప్పుకోకండి, తిరిగి వెళ్లినందుకు విజిట్ చార్జీ అడగండి. అడిగేదేదైనా కాగితం మీదో మెసేజ్‌లోనో ఉండాలి, ఫోన్లో కాదు.

సంతకానికి బెదరకండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన 198వ సిఫారసు, ఒప్పందంలో ఏ పేరు పెట్టినా నిజంగా పని ఎలా జరుగుతోందో అదే ప్రధానమంటుంది. మీ టైమ్ స్లాట్ వేసేదెవరు? రేటు కట్టేదెవరు? మీ బదులు ఇంకొకర్ని పంపితే ఊరుకుంటారా? వీటి జవాబులే మీరెవరో చెబుతాయి. ఉద్యోగే అని తేలితే, అదే సంస్థ 1949 నాటి 95వ ఒడంబడిక ప్రకారం జీతం క్రమంగా ఇవ్వాలి, చట్టమో, యూనియన్‌తో కుదిరిన సామూహిక ఒప్పందమో, మధ్యవర్తి తీర్పో ఒప్పుకున్న మేరకే కోయాలి. ఒడంబడిక కట్టుబాటు ఆమోదించిన దేశాలకే, సిఫారసుకు అదీ లేదు. కాబట్టి వీటిని మీ కార్మిక చట్టంతో కలిపి చూపించాలి.

గంటల డైరీ తప్పకుండా రాయండి. అమెరికాలో మన్రో వర్సెస్ ఎఫ్‌టీఎస్ కేసు మీలాంటి కేబుల్ టెక్నీషియన్లదే. పనికింత అని జీతం, గంటలు తక్కువ రాయమని ఒత్తిడి. కంపెనీ రికార్డులు నమ్మదగ్గవి కానప్పుడు కొందరి సాక్ష్యం అందరికీ వర్తించింది. 2017లో అప్పీలు కోర్టు కంపెనీదే బాధ్యతని నిలబెట్టింది. కాబట్టి ఒక్కరే వెళ్లకండి. ఒకరు అడిగితే ఆ మనిషికి టికెట్లు, అంటే రోజూ ఇచ్చే పనులు, ఆగిపోతాయి. బ్యాచ్ మొత్తం అడిగితే అందరికీ ఆపలేరు, ఎందుకంటే పైకంపెనీకి కాంట్రాక్టరూ గడువు లెక్క చెప్పుకోవాలి.

పైనుంచి బిల్లు రాకపోవడం వాళ్లిద్దరి మధ్య లావాదేవీ. బాకీ వివరం కనెక్షన్ నంబర్లతో సహా రాసి కాంట్రాక్టర్‌కిచ్చి, నకలు పైకంపెనీకీ పంపండి. కొన్ని దేశాల చట్టాల్లో కాంట్రాక్టర్ ఎగ్గొట్టిన జీతం అసలు కంపెనీయే కట్టాలి. మీ దగ్గర ఎలా ఉందో కార్మిక శాఖలో అడగండి.

మానేస్తారా, మీ ఇష్టం. కాకపోతే మానేసే ముందు మిగిలిన కేబుల్ మీటర్లతో సహా కొలిపించి, మోడెమ్‌ల సీరియల్ నంబర్లు రాయించి, స్టోర్‌లో అప్పజెప్పి సంతకం పుచ్చుకోండి. లేకపోతే ‘సామాను రాలేదు’ అంటూ మీ రెండు నెలల బాకీని అక్కడే చెల్లు వేసేస్తారు.