నెల జీతం ఉన్నవారు ఐపీ పెట్టవచ్చా?

హన్మకొండలో ఒక ప్రైవేటు కళాశాలలో 46 వేల జీతానికి పనిచేస్తున్నాననీ, చిట్టీలు, చేబదుళ్లు, బ్యాంకు వ్యక్తిగత రుణం కలిసి 19 లక్షల అప్పు అయిందనీ, ఐపీ (దివాలా పిటిషన్) పెడదామంటే ఆదాయం ఉన్నవారికి దివాలా దొరకదని అమెరికాలోని మీ తమ్ముడు చెప్పారనీ రాశారు. నేను న్యాయవాదిని కాను, ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. అయితే మా బావమరిది పెట్టిన ఐపీ వల్ల ఈ విషయం నా జీతం దాకా వచ్చింది కాబట్టి, కాగితాలు చదివి, కోర్టు వరండాలో నిలబడి తెలుసుకున్నంత వరకు చెబుతాను.

మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే అది అక్కడి చట్టం. అమెరికాలో 2005లో తెచ్చిన సవరణ ప్రకారం, దరఖాస్తుకు ముందు ఆరు నెలల సగటు ఆదాయాన్ని ఏడాదికి లెక్కగట్టి, ఆ రాష్ట్రంలో అంతే మంది ఉన్న కుటుంబపు మధ్యస్థ ఆదాయంతో పోల్చి చూస్తారు. దానికి మించి ఉండి, ఖర్చులు తీసివేసిన తరువాత కూడా చెప్పుకోదగ్గ మిగులు కనిపిస్తే, అప్పులు నేరుగా కొట్టివేసే ఏడవ అధ్యాయం వారికి సాధారణంగా అందదు, మూడు నుంచి ఐదేళ్ల పాటు వాయిదాల్లో కట్టే పదమూడవ అధ్యాయానికి పోవలసి వస్తుంది.

మన దగ్గర అటువంటి ఆదాయపు గీత లేదు. వరంగల్, కరీంనగర్ కోర్టుల్లో మామూలు మనుషులు పెట్టే ఐపీలు నేటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తున్నాయి. దాని 10వ సెక్షన్ ప్రకారం అప్పులు తీర్చలేని స్థితిలో ఉండాలి, దానికి తోడు అప్పు 500 రూపాయలకు తక్కువ కాకుండా ఉండాలి, లేదా డబ్బు డిక్రీ (డబ్బు కట్టమని కోర్టు ఇచ్చిన తీర్పు) అమలులో అరెస్టు గానీ ఆస్తి జప్తు గానీ అయి ఉండాలి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి బస్తా కూడా రాని ఆ 500ను వందేళ్లు దాటినా ఎవరూ ముట్టుకోలేదు. 2016 దివాలా స్మృతిలో పేదవారి కోసం రాసిన కొత్త ప్రారంభం అనే ప్రక్రియలో మాత్రం ఆదాయపు హద్దు ఉంది. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. నెలకు 5 వేలతో బతికే మనిషికి 35 వేల అప్పు ఇచ్చేది ఎవరో నాకైతే అర్థం కాలేదు. ఏమైనా ఆ సెక్షన్లు ఇంకా అమలులోకి రాలేదు. ఆ స్మృతిలో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఇచ్చిన వ్యక్తులకు మాత్రమే వర్తింపజేశారు.

కాబట్టి మీ జీతం మిమ్మల్ని కోర్టు గడప దగ్గర ఆపదు. అసలు లెక్క లోపలికి పోయిన తరువాత మొదలవుతుంది.

మా బావమరిదికి నర్సంపేట వైపు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉండేది. వానాకాలంలో రైతులకు ఉద్దెర ఇచ్చి, పంట మార్కెట్‌కు పోయాక మిత్తితో వసూలు చేసుకునేవాడు, అందువల్ల అతని ఆదాయమంతా ఏడాదిలో రెండు మూడు నెలలలోనే కనిపించేది. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చిపెట్టినప్పుడు రైతుల దగ్గర 17 లక్షలు ఆగిపోయాయి, ఇతను ఇవ్వవలసినది 31 లక్షలకు చేరింది. 2022లో ఐపీ పెట్టినప్పుడు అప్పులవాళ్ల తరఫు న్యాయవాది పట్టుకున్నది ఆ ఉద్దెర బహీనే, అంటే ఖాతా పుస్తకాన్నే. మంచి సంవత్సరాల రాబడిని చదివి వినిపించి, రావలసిన 17 లక్షలు కూడా ఆస్తే కదా, ఇతను తీర్చలేనివాడు ఎట్లా అవుతాడని వాదించారు. ఆ ఊళ్లలో సగం తోటలు దున్నేశారనీ, బహీలో ఉన్న పైసలు చేతిలో ఉన్నట్టు కాదనీ చూపడానికే చాలా వాయిదాలు పట్టాయి. పిటిషన్ దశలో అప్పు తీర్చలేని స్థితిని ప్రాథమికంగా చూపితే చాలునని ఆ 1920 చట్టపు 24వ సెక్షన్ చెబుతుంది, కానీ ఎదుటివారు గట్టిగా నిలబడితే ఆ ప్రాథమికం కూడా చిన్న పని కాదు. మీ విషయంలో ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. ప్రతి నెలా 46 వేలు పడే బ్యాంకు ఖాతా ఉన్న మనిషి, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, మందులు, ఇప్పటికే కడుతున్న వాయిదాలు పోగా ఏమి మిగులుతుందో రశీదులతో చూపకపోతే, తీర్చలేడు అనే మాట కంటే తీర్చడం ఇష్టం లేదు అనే మాటే చెవికి ఎక్కుతుంది.

ఇక దివాలాదారుగా ప్రకటించాక ఏమవుతుందో చాలామందికి తెలియదు. అప్పటికి ఉన్న ఆస్తే కాదు, అప్పుల నుంచి విడుదల చేసే విముక్తి ఉత్తర్వు వచ్చేలోగా సంపాదించినది కూడా 28వ సెక్షన్ కింద రిసీవర్‌కు, అంటే ఆ ఆస్తిని చూడడానికి కోర్టు నియమించిన వ్యక్తికి, చెందుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ జప్తు నుంచి మినహాయించినవి మాత్రం మనకు మిగులుతాయి. మామూలు డబ్బు డిక్రీలకు సంబంధించి జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగతా దానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. మినహాయించిన భత్యాలు ఏవీ లేవనుకుంటే మీ 46 వేలలో వెయ్యి పోగా 45 వేలు, అందులో మూడో వంతు అంటే 15 వేలు అప్పులవాళ్ల వాటాకు పోవచ్చు. 31 వేలతో ఇల్లు నడుస్తుందో లేదో ముందు ఇంట్లో కూర్చుని చూసుకోండి.

విముక్తి దగ్గర కూడా ఆదాయం మళ్లీ ఎదురవుతుంది. 41వ సెక్షన్ ప్రకారం, ఇకమీదట వచ్చే సంపాదనపై షరతులు పెట్టి విముక్తి ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది. తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి 50 పైసలైనా వచ్చేంత ఆస్తి లేనప్పుడు, అది తన బాధ్యత లేని కారణాల వల్ల జరిగిందని అప్పులపాలైన మనిషి చూపకపోతే, 42వ సెక్షన్ కింద షరతులు లేని విముక్తి దొరకదు. లెక్కల పుస్తకాలు సరిగా రాయకపోవడం, తీర్చే ఆశ లేకుండానే అప్పు చేయడం, జూదం, దుబారా కూడా అటువంటి విముక్తికి అడ్డుపడే కారణాలే. మా బావమరిదికి పురుగు దెబ్బ, శ్రద్ధగా రాసుకున్న బహీలు అక్కడ అక్కరకు వచ్చాయి. మొదట అతనికి చేటు చేసిన బహీయే చివరికి కాపాడింది. ఇప్పుడు వేరొకరి దుకాణంలో 18 వేలకు పనిచేస్తూ, మూడేళ్ల పాటు నెలకు 4 వేల చొప్పున కట్టాలన్న షరతుతో విముక్తి పొందాడు.

నా సంగతి ఇక్కడ వస్తుంది. అతను ఎత్తిన ఒక చిట్టీకి నేను జమానతు (హామీ) సంతకం పెట్టాను. ఐపీ పెట్టగానే చిట్టీవాళ్లు అతన్ని వదిలి నా మీదికి వచ్చారు, ఎందుకంటే నాది ప్రతి నెలా తప్పకుండా పడే ప్రభుత్వ జీతం. చిట్ల రిజిస్ట్రార్ దగ్గర వ్యవహారం నడిచి, మిత్తి, ఖర్చులతో కలిపి 4 లక్షల 40 వేలు కట్టాలని అవార్డు (రిజిస్ట్రార్ తీర్పు) వచ్చింది, సివిల్ కోర్టు ద్వారా అమలుకు పోయింది. జీతం బిల్లు చేసే మా ప్రధానోపాధ్యాయుల చేతికి జప్తు ఉత్తర్వు వచ్చిన రోజు స్టాఫ్ రూములో తలెత్తలేకపోయాను. కోర్టు లెక్కలోకి తీసుకున్న జీతం 61 వేలు కాబట్టి నెలకు 20 వేల చొప్పున 22 నెలలు కోత పడింది. నేనూ ఐపీ పెడదామా అని ఒక రాత్రంతా ఆలోచించాను. అయితే అప్పుల్లో కూరుకుపోకుండా, దివాలా తీయకుండా సొంత వ్యవహారాలు చక్కబెట్టుకోవాలని ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తన నియమాలు చెబుతాయి, పైగా ఒకే డిక్రీ కింద జీతం జప్తు మొత్తం 24 నెలలు సాగితే ఆ డిక్రీకి ఇక జీతం పట్టే వీలు లేదని తెలిసింది. అంత దూరం కూడా పోనవసరం లేదని లెక్క చూసుకుని ఊరుకున్నాను. మీకూ ఇది ఉపయోగపడవచ్చు. మీ మీద డిక్రీలు ఒకటో రెండో మాత్రమే అయితే ఐపీ కంటే జప్తును భరించడమే చౌక కావచ్చు. పది మంది అప్పులవాళ్లు ఒకరి తరువాత ఒకరు కోర్టుకెక్కేటట్టు ఉంటే అప్పుడు ఐపీకి అర్థం ఉంటుంది.

మీరు ఎవరికైనా చెక్కులు ఇచ్చి ఉంటే అవి చెల్లనప్పుడు వచ్చే కేసులను ఐపీ ఆపదు, ఆ విషయం న్యాయవాదికి మొదటి రోజే చెప్పండి. ఆయన దగ్గరికి పోయేముందు ఏడాది జీతం స్లిప్పులు, ఖాతా స్టేట్‌మెంటు, ప్రతి అప్పుకూ తేదీ, మొత్తం, ఎవరికి అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. దాని పక్కనే మీ కోసం సంతకాలు పెట్టినవారి పేర్లు కూడా రాయండి, ఎందుకంటే 44వ సెక్షన్ ప్రకారం మీకు దొరికే విముక్తి జమానతుదారులకు వర్తించదు. పిటిషన్ వేయకముందే వాళ్ల ఇళ్లకు పోయి సంగతి చెప్పండి. మా బావమరిది నాకు చెప్పలేదు, నోటీసు వచ్చాకే తెలిసింది.