పురుగు మందుకు మరిగిందా?

మీరు అడిగినది ఇది: పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకునే బీటీ పత్తి వచ్చిన కొత్తలో కాయల్లో గులాబీ రంగు పురుగు కనిపించేది కాదు, ఇప్పుడు బీటీ విత్తనమే వేస్తున్నా కాయ పగలగొడితే పురుగు ఉంటోంది, పురుగు ఆ విషానికి అలవాటు పడిందని అందరూ అంటున్నారు, అయితే ఒక పురుగుకు అయిన అలవాటు దాని పిల్లలకు ఎలా వస్తుంది? ఇకముందు మరో కొత్త జన్యువు పెట్టిన విత్తనం వస్తే బాధ తీరుతుందా అని కూడా అడిగారు.

నేను వరంగల్ వైపు వాణ్ణి. జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను, ఊళ్లో మా నాయనతో కలిసి నాలుగు ఎకరాల పత్తి చూసుకుంటాను. 2017 నవంబరులో మా చేనులో రెండో ఏరుడు మొదలుపెట్టినప్పుడు పైకి ఏ మచ్చా లేని కాయలు సగం మాత్రమే విచ్చుకుని, లోపలి పత్తి పసుపు పచ్చగా గట్టిపడి కనిపించింది. విచ్చుకోని కాయలు ఇరవై కోసి అరుగు మీద కూర్చుని చీల్చితే, ఏడింటిలో పురుగు ఉంది. రెండేసి గింజలు ఒకదానికొకటి అంటుకుని, వాటి మధ్య దాగిన గులాబీ రంగు పురుగును చూసి మా నాయన ఒక మాట అన్నాడు: “పులి నెత్తురు మరిగినట్టు ఇది మందుకు మరిగింది.” ఏళ్ల తరబడి పిల్లలకు పరిణామం పాఠం చెబుతున్న నేను, ఆ రోజు ఆయనకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చదివి, చేనులో చూసి, నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ ప్రశ్నలోని అసలు ముడిని విప్పాలి. ఒక పురుగు తన జీవితకాలంలో సంపాదించుకున్న అలవాటు పిల్లలకు రాదన్న మీ అనుమానం సరైనదే. మా నాయన అరచేతులు నాగలి పట్టి కాయలు కాచాయి, నేను మాత్రం మెత్తటి అరచేతులతోనే పుట్టాను. పిల్లలకు చేరేది తల్లిదండ్రుల గుడ్డులోనూ శుక్రకణంలోనూ ఉన్న జన్యువులే తప్ప, వారి శరీరం పడిన శ్రమ కాదు. పైగా బీటీ విషం తిన్న మామూలు పురుగుకు అలవాటు పడేంత సమయం దొరకదు. బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ అంటే ఇదే) అనే మట్టి బ్యాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువు వల్ల పత్తి మొక్కలో ఒక ప్రోటీన్ తయారవుతుంది. పురుగు దాన్ని మేతతో పాటు మింగితే, అది పేగు గోడ మీద ఉండే కొన్ని ప్రత్యేకమైన ప్రోటీన్లకు అతుక్కుని, కణాలకు చిల్లులు పొడుస్తుంది. పురుగు మేత మానేసి కొద్ది రోజుల్లో చస్తుంది. చచ్చిన పురుగు రెక్కల పురుగుగా మారదు, గుడ్లు పెట్టదు, ఎవరికీ ఏమీ నేర్పదు.

మరి బతికినవి ఎలా బతికాయి? అవి ముందు నుంచే వేరుగా ఉన్నాయి. పేగు గోడ మీది ఆ ప్రోటీన్లలో క్యాడ్హెరిన్ అనేది ఒకటి. దాని జన్యువులో ఎప్పుడో యాదృచ్ఛికంగా మార్పు వచ్చిన పురుగుల్లో ఆ ప్రోటీన్ ఆకారం చెడిపోతుంది, విషానికి అతుక్కునే చోటు దొరకదు, తిన్నది తిన్నట్టే బయటికి పోతుంది. ఇలాంటి మార్పును ఉత్పరివర్తన అంటాము. విషం తగిలినందుకు ఆ మార్పు పుట్టలేదు, విషం లేని కాలంలోనూ అరుదుగా పుడుతూనే ఉంది, కానీ అప్పుడు దానివల్ల పురుగుకు లాభమేమీ లేదు కాబట్టి అరుదుగానే ఉండిపోయింది.

ఇది ఊహ కాదని చెప్పడానికి 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాల మీద చేసిన ప్రయోగాన్ని నేను తరగతిలో తప్పకుండా చెబుతాను. వారు బ్యాక్టీరియాలను ఎన్నో చిన్న గొట్టాల్లో వేరువేరుగా పెంచి, ఆ తర్వాతే వాటిని చంపే వైరస్‌ను తగిలించారు. వైరస్ తగిలాక అలవాటు పడి బతికేవైతే, ప్రతి గొట్టంలోనూ బతికినవాటి సంఖ్య ఇంచుమించు ఒకేలా ఉండాలి. కానీ కొన్ని గొట్టాల్లో ఒక్కటీ బతకలేదు, కొన్నింటిలో వందకు పైగా బతికాయి. మార్పు ముందుగానే, కొన్నింటిలో తొలి తరాల్లో, కొన్నింటిలో చివరి తరాల్లో పుట్టి ఉంటేనే అంత తేడా వస్తుంది. పత్తి చేనులో జరిగినదీ అదే.

ఇక్కడి నుంచి లెక్క అవసరం, దయచేసి ఓపికగా చదవండి, ఎందుకంటే మనం చేసిన పొరపాటంతా ఈ లెక్కలోనే ఉంది. ప్రతి పురుగుకూ ప్రతి జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. గులాబీ రంగు పురుగులో ఈ తట్టుకునే గుణం అంతర్గత లక్షణం, అంటే రెండు ప్రతులూ మారినవైతేనే పురుగు విషాన్ని పూర్తిగా తట్టుకుంటుంది. ఒక ప్రతి మాత్రమే మారినదైతే, విషం తగినంత ఉన్నప్పుడు అదీ చస్తుంది. మారిన ప్రతులు వెయ్యికి ఒకటి ఉన్నాయనుకుంటే, రెండూ మారిన పురుగు పది లక్షలకు ఒకటే ఉంటుంది, ఒకటి మారిన పురుగులు మాత్రం వెయ్యికి ఇంచుమించు రెండు ఉంటాయి. ఆ పది లక్షలకు ఒక్కటి బతికి రెక్కల పురుగైనప్పుడు, దానికి జతగా ఎవరు దొరుకుతారన్నదే ప్రశ్న. చుట్టుపక్కల బీటీ కాని పత్తి కొంత ఉంటే, అక్కడి నుంచి వేల సంఖ్యలో మామూలు రెక్కల పురుగులు వస్తాయి, మన బతికిన పురుగు వాటిలో ఒకదానితోనే జతకడుతుంది, పిల్లలన్నీ ఒకే మారిన ప్రతితో పుడతాయి, బీటీ కాయ తిని చస్తాయి. చుట్టూ అంతా బీటీయే ఉంటే, బతికినదానికి మరో బతికినదే జతగా దొరుకుతుంది, వాటి పిల్లలన్నీ తట్టుకునేవే అవుతాయి. ఈ పురుగుకు ఒక తరం దాదాపు నెల రోజుల్లో ముగుస్తుంది కాబట్టి ఒకే పంట కాలంలో ఇది నాలుగైదు సార్లు జరుగుతుంది.

ఈ లెక్క తెలిసే, 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చినప్పుడు, 20 శాతం విస్తీర్ణంలో గానీ చేను చుట్టూ ఐదు వరుసల్లో గానీ, ఏది ఎక్కువైతే అంత, బీటీ కాని పత్తి వేయాలని నిబంధన పెట్టారు. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల వేరే పాకెట్ వచ్చేది అందుకే. ఆ పాకెట్‌ను మేము ఏం చేశామో నిజం చెప్పాలి. మాకు విత్తనం అమ్మిన దుకాణంలో అది దేనికో ఎవరూ చెప్పలేదు, పైన రాసిన చిన్న అక్షరాలు మేము చదవలేదు. మా నాయన మొదటి రెండేళ్లు దాన్ని పోగుంటలు పెట్టడానికి వాడాడు, ఆ మొక్కలకు పురుగు పడితే “నకిలీ విత్తనం” అని పీకేశాడు, ఆ తర్వాత పాకెట్ దూలం మీదే ఉండిపోయేది. చదువుకున్న నేను కూడా అదే ఇంట్లో ఉండి పట్టించుకోలేదు. పురుగు పడే మొక్కలను కావాలని పెంచమంటే ఏ రైతుకు మనసొప్పుతుంది? కానీ ఆ ఐదు వరుసల్లో బతికే మామూలు పురుగులే మిగతా చేనుకు కాపలా.

2010లో గుజరాత్‌లోని అమ్రేలీ, భావనగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో మొదటి తరం బీటీ పత్తిని గులాబీ రంగు పురుగు తట్టుకుంటున్నదని వెల్లడైంది. అప్పటికే, 2006 నుంచి, రెండు విష ప్రోటీన్లు ఉన్న బీజీ-2 అనే రెండో తరం బీటీ పత్తి వాడకంలో ఉంది. దాన్ని కూడా కొద్ది సంవత్సరాల్లోనే ఈ పురుగు దాటేసింది. ఒకేసారి రెండింటినీ తట్టుకోవడం అంత సులభం కాకూడదు. ఎందుకు సులభమైందన్నదానికి మన దేశపు పత్తికే ప్రత్యేకమైన ఒక కారణం ఉంది, నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసినది కూడా అదే.

మనం వేసేది హైబ్రిడ్ విత్తనం. దాన్ని తయారు చేసేటప్పుడు సాధారణంగా తల్లిదండ్రుల్లో ఒక్క వైపు నుంచే బీటీ జన్యువులు వస్తాయి, అందువల్ల మన చేనులోని ప్రతి మొక్కకూ ఆ జన్యువులు ఒక్కో ప్రతి మాత్రమే ఉంటాయి. మొక్క ఆకులో, పూతలో, కాయ తొడుగులో రెండు విషాలూ ఉంటాయి. కానీ కాయలోని గింజలు మొక్కకు పిల్లలు, అంటే తరువాతి తరం. వాటిలో వారసత్వ సూత్రాలు కనిపెట్టిన మెండెల్ బఠానీల్లో చూసిన 9:3:3:1 నిష్పత్తే వస్తుంది. ఒక కాయలో 32 గింజలున్నాయనుకుంటే సగటున 18 గింజల్లో రెండు విషాలూ, 6 గింజల్లో ఒకటి, మరో 6 గింజల్లో రెండోది మాత్రమే ఉంటాయి, రెండు గింజల్లో అసలు విషమే ఉండదు. గులాబీ రంగు పురుగు ఆకు తినేది కాదు, గింజ తినేది. గుడ్డు నుంచి బయటపడగానే కాయలోకి దూరి, గింజ నుంచి గింజకు వెళ్తుంది. అంటే ఒకే కాయలో దానికి విషం లేని మేత, సగం విషం మేత, పూర్తి విషం మేత కలిపి వడ్డించినట్టయింది. ఒక్క మారిన ప్రతి మాత్రమే ఉన్న పురుగు, పూర్తి విషం తింటే చచ్చేది, ఇక్కడ తప్పించుకోగలదు. పైగా పంట వయసు పెరిగే కొద్దీ మొక్కలో విషం మోతాదు తగ్గుతుంది. అంతర్గతంగా ఉండిపోవాల్సిన గుణానికి ఈ విధంగా బయటపడే దారి దొరికింది.

ఇంకొక సంగతి కూడా దీనికి తోడైంది. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా, మిరప తిని కూడా బతుకుతుంది, కాబట్టి మనం బీటీ కాని పత్తి వేయకపోయినా దానికి సహజంగానే విషం లేని మేత ఊరంతా ఉంది, మామూలు పురుగులు మిగిలాయి, అందుకే అది ఇంత తొందరగా బీటీని దాటలేదు. గులాబీ రంగు పురుగుకు పత్తే ప్రధానమైన మేత. దాన్ని మనం దాదాపు పూర్తిగా బీటీగా మార్చి, ఫిబ్రవరి, మార్చి దాకా చేనులో నిలబెట్టాం.

వేరేచోట్ల ఇలా జరగలేదని గమనించండి. అమెరికాలోని అరిజోనాలో 1997లోనే ఈ తట్టుకునే జన్యువు ప్రతుల వాటా సుమారు 0.16 ఉన్నట్టు అంచనా వేశారు. నా పైలెక్కలో అనుకున్న వెయ్యికి ఒకటి కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ, నూటికి రెండు మూడు పురుగులు పూర్తిగా తట్టుకునేవేనన్న మాట. అయినా అక్కడ రైతులు బీటీ కాని పత్తి వరుసలను నిలిపారు, వారి విత్తనం హైబ్రిడ్ కాదు, కాబట్టి కాయలోని ప్రతి గింజలోనూ విషం ఉండేది. తట్టుకునే పురుగులు పెరగలేదు. 2006 నుంచి సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను పెద్ద సంఖ్యలో వదిలి, చివరికి 2018లో అమెరికా పత్తి పొలాల్లో ఈ పురుగు నిర్మూలన అయిందని ప్రకటించారు. చైనాలో యాంగ్జీ నది లోయలో తట్టుకునే పురుగులు పెరగడం మొదలై, మళ్లీ తగ్గాయి. అక్కడి రైతులు హైబ్రిడ్ మొక్కల నుంచి వచ్చిన రెండో తరం విత్తనం వాడడంతో, మొక్కల్లో దాదాపు నాలుగో వంతు బీటీ లేనివి వచ్చి, వాటంతట అవే రక్షణ వరుసల పని చేశాయి. ఒకే కాయలో విషం ఉన్న గింజలూ లేని గింజలూ కలగలవడం మన దగ్గర హాని చేస్తే, ఒకే చేనులో విషం ఉన్న మొక్కలూ లేని మొక్కలూ కలగలవడం అక్కడ మేలు చేసింది. విషం లేని మొక్క మీద పురుగు మొత్తం జీవితం గడుపుతుంది, విషం తట్టుకోవడం దానికి అక్కడ లాభం కాదు, పైగా తట్టుకునే పురుగులు మామూలు మేత మీద కొంత బలహీనంగా పెరుగుతాయి.

మీ చివరి ప్రశ్నకు ఇప్పుడు నా అభిప్రాయం చెప్పగలను. మూడో జన్యువు వచ్చినా, దాన్ని మళ్లీ ఒకే ప్రతితో హైబ్రిడ్‌లో పెట్టి, ఊరంతా అదే వేసి, వేసవి దాకా నిలబెడితే, పురుగు దాన్నీ దాటుతుంది. ఇది మన ప్రాంతంలో మొదటిసారి కూడా కాదు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పైరెత్రాయిడ్ అనే రకం పురుగుమందులను శనగపచ్చ పురుగు తట్టుకుని పత్తిని తుడిచిపెట్టింది, అప్పుడూ జరిగినది ఎంపికే. కొట్టిన ప్రతిసారీ లొంగేవి చచ్చి, లొంగనివి పిల్లలను కన్నాయి.

ప్రస్తుతం నేను చేస్తున్నవి చెబుతాను. తక్కువ కాలంలో పంటకొచ్చే రకాన్ని ఎంచుకుంటున్నాను. డిసెంబరు చివరికి ఏరుడు ఆపేసి, కట్టెను చేను గట్టున పేర్చకుండా యంత్రంతో ముక్కలు చేసి దున్నిస్తున్నాను, ఎందుకంటే పురుగు ఎండిన కాయల్లో, గింజల్లో నిద్రావస్థలో నెలల తరబడి ఉంటుంది. పూత మొదలయ్యే ముందే, ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టి, వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడితేనే మందు ఆలోచిస్తున్నాను. రేకులు విప్పుకోని గుడ్డి పూలు కనిపిస్తే కోసి నాశనం చేస్తున్నాను. ఇప్పుడు బీటీ కాని విత్తనాన్ని సంచిలోనే కలిపి ఇస్తున్నారు కాబట్టి, చేనులో అక్కడక్కడ పురుగు పట్టిన మొక్క కనిపిస్తే మా నాయన దాన్ని పీకడం లేదు.

మీ చేనులో పూత వచ్చిన నలభై రోజులకు పచ్చి కాయలు ఇరవై కోసి చీల్చి చూడండి. పై నుంచి రంధ్రం వెతకవద్దు, పురుగు దూరిన చోటు పూడిపోతుంది. కాయ తొడుగు లోపలి వైపు చిన్న ముడతలాంటి మచ్చ, అంటుకున్న జంట గింజలు వెతకండి. ఎన్ని కాయల్లో ఉన్నాయో, మీ చుట్టూ ఎన్ని ఎకరాలు పత్తి ఉందో, మీ ఊళ్లో జిన్నింగ్ మిల్లు ఎంత దూరమో రాస్తే, పురుగు ఎక్కడి నుంచి వస్తున్నదో కలిసి ఆలోచిద్దాం.