మేనల్లుడి బైకుల షోరూములో పదిహేను లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. విద్యుత్ శాఖలో పనిచేసి 62 ఏళ్లకు పదవీ విరమణ చేశాను. ఖర్చులు పోగా 32 లక్షలు మిగిలాయి. మా మేనల్లుడు బెంగళూరు రహదారి పక్కన 400 సీసీ బైకుల డీలర్‌షిప్ తీసుకుంటున్నాడు. 15 లక్షలు పెట్టి భాగస్థుడిగా చేరమనీ, బ్యాంకు అప్పుకు ష్యూరిటీ సంతకం చేయమనీ అడుగుతున్నాడు. ఆ బైకులకు మంచి గిరాకీ ఉందంటున్నాడు. చేరవచ్చా?

జవాబు: గిరాకీ ఉందన్న మాట అబద్ధం కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఒక్కటే 2024-25లో పది లక్షలకు పైగా బైకులు అమ్మింది. అయితే అందులో సింహభాగం 350 సీసీ బండ్లది, మీ మేనల్లుడు అమ్మబోయేది ఆ గీతకు అవతల ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గగా, ఆ పైన ఉన్న బండ్లకు సెస్సుతో కలిపి 31గా ఉన్న పన్ను 40 శాతానికి పెరిగింది. పైగా బజాజ్‌తో కలిసి ట్రయంఫ్, హీరోతో కలిసి హార్లే డేవిడ్‌సన్ 2023 జులైలో రెండున్నర లక్షల లోపు ధరతోనే ఈ రంగంలోకి దిగాయి కాబట్టి, కొనేవాడికి ఎంపిక పెరిగింది, అమ్మేవాడికి ధర పెంచే వీలు తగ్గింది.

ఇక డీలరు లెక్క చూద్దాం. బండి రెండున్నర లక్షలు, షోరూములో ఎప్పుడూ ముప్పై బండ్లు ఉండాలనుకుంటే సరుకు మీదే 75 లక్షలు ఇరుక్కుంటాయి. 11 శాతం వడ్డీకి నెలకు దాదాపు 69 వేలు. అద్దె, జీతాలు, కరెంటు కలిపి 1.6 లక్షలు అనుకోండి. బండికి 15 వేలు మిగిలితే, నెలకు పదిహేను బండ్లు అమ్మినా వచ్చేది 2.25 లక్షలు, పోయేది 2.29 లక్షలు. ఇవి నేను ఊహించిన అంకెలే. కంపెనీ ఒప్పంద పత్రం చేతిలో పెట్టుకుని అసలు అంకెలతో మీ మేనల్లుడి చేతనే ఈ లెక్క వేయించండి. లాభమంటూ వస్తే సర్వీసింగులో, విడిభాగాల్లో రావాలి, అది రావాలంటే ముందు ఊళ్లో కొన్ని వందల బండ్లు తిరుగుతుండాలి. చీనీ (బత్తాయి) ధర బాగున్న ఏడాది రైతు బిడ్డ ఇక్కడే కొంటాడేమో గాని, బెంగళూరులో ఉద్యోగం చేసే కుర్రాడు తరచుగా అక్కడే కొని, ఆదివారం దాని మీద ఇంటికి వస్తాడు.

ఈ తరహా షోరూము ఒకదానికి మామూలు పనిరోజు మధ్యాహ్నం వెళ్లి, ముందు వరుస వదిలేసి వెనక గోడ పక్కన ఉన్న బండ్ల తయారీ నెల అడగండి. ట్యాంకు మీద వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము ఉండి, బ్యాటరీ దిగిపోయి స్టార్టు కాని బండి కనిపిస్తే, అది ఎన్ని నెలల వడ్డీ తిన్నదో లెక్క కట్టుకోవచ్చు.

కంపెనీయే మనసు మార్చుకునే ప్రమాదమూ ఉంది. హార్లే డేవిడ్‌సన్ 2020 సెప్టెంబరులో ఇక్కడి తయారీని ఆపేసినప్పుడు, షోరూముల అలంకరణకే భారీగా పెట్టిన డీలర్లు చిక్కుల్లో పడ్డారు. అటువంటప్పుడు డీలర్లకు రక్షణగా మన దేశంలో ప్రత్యేక చట్టమేదీ లేదు.

ష్యూరిటీ సంతకం మాత్రం చేయకండి. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం సాధారణంగా అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో పూచీపడ్డవాడి బాధ్యతా అంతే. 1932 చట్టం కింద మామూలు భాగస్వామ్యంలో చేరినా ఇదే చిక్కు: సంస్థ అప్పు మీ ఇంటి దాకా రావచ్చు. మేనల్లుడికి కాదని చెప్పడం మన ఇళ్లలో ఎంత కష్టమో నాకు తెలుసు. చేరక తప్పదనుకుంటే, భాగస్థుడి బాధ్యత సాధారణంగా పెట్టిన సొమ్ముకే పరిమితమయ్యే ఎల్ఎల్‌పీగా నమోదు చేయించి, నాలుగు లక్షలకు మించకుండా, పోయినా మీ నెలసరి ఖర్చుకు ఇబ్బంది లేని సొమ్మే పెట్టండి.

సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ పథకంలో 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం వడ్డీ నడుస్తోంది. ఆ పదిహేను లక్షలూ అందులో వేస్తే మూడు నెలలకోసారి 30,750 రూపాయలు వస్తాయి. మేనల్లుడు చూపే లాభాన్ని ముందు ఈ అంకె పక్కన పెట్టి చూడండి. ఒప్పందంలో అమ్ముడుపోని సరుకును కంపెనీ వెనక్కి తీసుకునే షరతు ఉందో లేదో చదివాకే నాలుగు లక్షల సంగతైనా ఆలోచించండి.